టేకు పెట్టెలో కంప్యూటర్: ఎస్‌ఎంపీఎస్, ఎర్తింగ్ పనుల డైరీ

ఫిబ్రవరి, రెండో ఆదివారం

పాత టేకు బీరువా విప్పగా వచ్చిన పలకల్ని వడ్రంగి మేస్త్రీ చిత్రిక పట్టి ఇచ్చారు. వాటితో కంప్యూటర్ క్యాబినెట్ చేయిస్తున్నాను. పెట్టె కొలతలు, గాలి కన్నాలు, మూత, పాలిష్ అన్నీ ఆయన చూసుకుంటారు. నేను ఇక్కడ రాసేది కరెంటు సంగతి ఒక్కటే. ఏ ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్‌కు కావలసిన చిన్న వోల్టులకు మార్చే డబ్బా) కొనాలి, లోపలున్న లోహపు భాగాల్ని ఎర్త్‌కు ఎలా కలపాలి.

రేకు క్యాబినెట్ కొనేవాళ్లు ఈ రెండో ప్రశ్న వేసుకోరు. వేసుకోనక్కర్లేదు కూడా, ఆ పని రేకే చేసేస్తుంది. ఎస్‌ఎంపీఎస్ నాలుగు స్క్రూలతో రేకుకు బిగుస్తుంది. మదర్‌బోర్డు ఇత్తడి స్టాండాఫ్‌ల (బోర్డును ఎత్తిపట్టే చిన్న కాళ్లు) మీద కూర్చుంటుంది, అవి రేకులో దిగి ఉంటాయి. గ్రాఫిక్స్ కార్డు బ్రాకెట్, హార్డ్ డిస్క్, ముందున్న యూఎస్‌బీ పోర్టులు అన్నీ ఆ రేకునే పట్టుకుని ఉంటాయి. ఎవరూ చూడకుండానే అన్నీ ఒకదానికొకటి కలిసి, ఎస్‌ఎంపీఎస్ పవర్ కార్డులోని ఎర్త్ వైరు దాకా దారి ఏర్పడుతుంది. చెక్కలో పెట్టిన మరుక్షణం ఇవి వేటికవే విడిపోతాయి.

అయినా కంప్యూటర్ ఆన్ అవుతుంది. మదర్‌బోర్డుకు వెళ్లే 24 పిన్నుల కనెక్టర్‌లో ఎనిమిది నల్ల వైర్లు గ్రౌండే, బోర్డు పనికి అవి చాలు. టేబుల్ మీద అట్టపెట్టె పరిచి బోర్డు టెస్ట్ చేసేది ఆ ధైర్యంతోనే. కానీ పని చేయడం వేరు, భద్రంగా ఉండడం వేరు. ఎక్కడైనా ఇన్సులేషన్ పోయి ఫేజ్ వచ్చి లోహానికి తగిలితే ఆ కరెంటు మన చెయ్యి కాకుండా వేరే దారిలో పోవాలి. ఎండాకాలం ముందు పొడిగాలిలో ఒంట్లో చేరిన స్టాటిక్ చార్జ్ ముందు ప్యానెల్ తాకినప్పుడు చిప్పుల గుండా పోకూడదు. బోర్డు పుట్టించే రేడియో నాయిస్ గదంతా పరుచుకోకూడదు. రేకు చేసే ఈ మూడు పనులనూ చెక్క పెట్టెలో మనమే ఒక్కొక్కటిగా చెయ్యాలి. అందుకే పెట్టెలోని ప్రతి లోహపు ముక్కకీ ఎర్త్ పిన్ను దాకా దారి ఉండాలన్న నియమం పెట్టుకున్నాను.

ఫిబ్రవరి, మూడో శనివారం

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్లాను. ప్రాసెసర్ రైజెన్ 5 7600, గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4070, మైక్రో ఏటీఎక్స్ సైజు మదర్‌బోర్డు అని ముందే అనుకున్నాను. తేలాల్సింది ఎస్‌ఎంపీఎస్సే.

లెక్క ఇది. రైజెన్ 5 7600 మీద 65 వాట్లని రాసి ఉన్నా, బోర్డు మీది సాకెట్ దగ్గర అది లాగగలిగే హద్దు 88 వాట్లు. 4070 కార్డు 200 వాట్లు. బోర్డు, ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ, ఒక హార్డ్ డిస్క్, ఫ్యాన్లు అన్నిటికీ ఉదారంగా 50 వాట్లు వేసుకున్నా మొత్తం 340 దగ్గర ఆగుతుంది. షాపుల్లో మొదట చెప్పే మాట "సార్, 850 తీస్కోండి, రేపు పనికొస్తది." రేపటి కోసం తీసుకోవడం తప్పు కాదు. కానీ స్టిక్కర్ మీది పెద్ద అంకె కంటే దాని పక్కనున్న చిన్న పట్టికే నాకు ముఖ్యం.

ఎస్‌ఎంపీఎస్ పక్కన అతికించిన ఆ పట్టికలో 12 వోల్టుల గడి చూడాలి. నేటి కంప్యూటర్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ప్రధానంగా 12 వోల్టుల మీదే బతుకుతాయి. అక్కడ 54 ఆంపియర్లని ఉంటే 648 వాట్లు, అంటే 650 వాట్ల సరుకు నిజంగా 650 వాట్లదే. అదే 500 వాట్లని పైన రాసి, 12 వోల్టుల దగ్గర 18 ఆంపియర్లు చూపించే చవక డబ్బాలూ ఉన్నాయి. గుణించి చూస్తే 216 వాట్లు. నా కార్డు ఒక్కదానికే అది సరిపోయీ సరిపోనట్టుంటుంది.

రెండో సంగతి వేడి. రేకు పెట్టె తన ఒంటి మీదుగా కొంత వేడిని బయటికి వదులుతుంది, టేకు వదలదు. 80 ప్లస్ అనేది గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత శాతం పనికొస్తుందో కొలిచి బ్రాంజ్, గోల్డ్ లాంటి హోదాలిచ్చే పరీక్ష. అందులో 115 వోల్టుల పట్టిక ప్రకారం సగం లోడు దగ్గర బ్రాంజ్ 85 శాతం, గోల్డ్ 90 శాతం ఇవ్వాలి. 340 వాట్లు బయటికి ఇవ్వడానికి బ్రాంజ్ గోడ నుంచి 400 వాట్లు తీసుకుని 60 వాట్లు వేడిగా పారేస్తుంది. గోల్డ్ 378 తీసుకుని 38 పారేస్తుంది. మన 230 వోల్టుల దగ్గర రెండూ ఇంకాస్త మెరుగే. కరెంటు బిల్లులో ఈ 22 వాట్ల తేడా పెద్దగా కనపడదు. మూసిన చెక్క పెట్టెలో మాత్రం కనపడుతుంది.

మూడోది ఒక్కసారిగా వచ్చే లాగుడు. ఈ కాలపు గ్రాఫిక్స్ కార్డులు మైక్రోసెకన్ల పాటు తమ లెక్కను మించి కరెంటు లాగుతాయి. ఎస్‌ఎంపీఎస్‌ల కోసం 2022లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో, పెద్ద కార్డుల 16 పిన్నుల కనెక్టర్ ఉన్న ఎస్‌ఎంపీఎస్ 100 మైక్రోసెకన్ల పాటు తన సామర్థ్యానికి రెండింతల వరకు తట్టుకోవాలని పెట్టారు. నా కార్డు పాత 8 పిన్నుల కనెక్టర్ ఒక్కటి చాలనే రకం. కనెక్టర్ నుంచి 150 వాట్లు, స్లాటు నుంచి 75, మొత్తం 225 వరకు దారి ఉంది, కార్డుకు 200 చాలు. అయినా 3.0 ప్రమాణం పాటించిన సరుకే తీసుకున్నాను, ఆ లాగుడు తట్టుకునే శక్తి కనెక్టర్‌ను బట్టి కాకుండా లోపలి తయారీని బట్టి వస్తుంది కాబట్టి.

చివరికి 650 వాట్ల గోల్డ్, పూర్తి మాడ్యులర్, అంటే కేబుళ్లన్నీ విడిగా ఊడి వచ్చే రకం. నా లోడు దాదాపు సగం దగ్గర ఉంటుంది, అక్కడే దాని పనితనం అన్నిటికంటే బాగుంటుంది. లోడు తక్కువున్నప్పుడు ఫ్యాన్ ఆగిపోయే సదుపాయాన్ని స్విచ్‌తో ఆపుకునే వీలు ఉందో లేదో అడిగి మరీ చూసుకున్నాను. చెక్క పెట్టెలో ఆ ఫ్యాన్ ఎప్పుడూ తిరగాలనే నా పట్టుదల.

స్టెబిలైజర్ కొనలేదు. యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ కరెంటును వోల్టేజీ తరంగానికి తగ్గట్టు లాగే సర్క్యూట్) ఉన్న ఈ రకం 100 నుంచి 240 వోల్టుల దాకా దేని మీదైనా నడుస్తుంది, సాయంత్రాలు మా వీధిలో వోల్టేజీ పడిపోయినా దానికి పట్టదు. ఇన్వర్టర్ మాత్రం ప్యూర్ సైన్ వేవ్‌దే ఉండాలి, స్క్వేర్ వేవ్ మీద యాక్టివ్ పీఎఫ్‌సీ ఇబ్బంది పడుతుంది. ఇన్వర్టర్‌ను యూపీఎస్ మోడ్‌లో (బ్యాటరీకి త్వరగా మారే సెట్టింగు) పెట్టాలన్నది కూడా దీనికి తగిలే సంగతే. కరెంటు పోయాక ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్‌లో దాచుకున్న శక్తితో నడిచే కాలం 80 శాతం లోడు దగ్గర 17 మిల్లీసెకన్లు ఉండాలని 3.0 ప్రమాణం చెబుతుంది. మోడ్ మార్పు అంతకంటే త్వరగా జరగాలి.

ఫిబ్రవరి చివర

పెట్టె సంగతి పక్కన పెట్టి గోడ సాకెట్ చూశాను. లోపల ఎంత బాగా కలిపినా, సాకెట్‌లో ఎర్త్ లేకపోతే అదంతా గాలిలో వేలాడుతున్నట్టే.

మల్టీమీటర్ పెడితే ఫేజ్-న్యూట్రల్ మధ్య 231 వోల్టులు. ఫేజ్-ఎర్త్ మధ్య కూడా దాదాపు అంతే రావాలి, న్యూట్రల్-ఎర్త్ మధ్య ఒకటి రెండు వోల్టులే ఉండాలి. మా గదిలో ఫేజ్-ఎర్త్ 94, న్యూట్రల్-ఎర్త్ 70 చిల్లర చూపించింది, అది కూడా నిలకడగా లేదు. అంటే ఎర్త్ పిన్ను ఎక్కడికీ వెళ్లట్లేదు. పాత కంప్యూటర్ వెనక చెయ్యి పెడితే జిల్లుమనేది ఎందుకో తెలిసింది.

ఆ జిల్లు ఎస్‌ఎంపీఎస్‌లో లోపం కాదు. ప్రతి మంచి ఎస్‌ఎంపీఎస్ మొదట్లోనే నాయిస్ ఫిల్టర్ ఉంటుంది. అందులో ఫేజ్ నుంచి ఎర్త్‌కు ఒకటి, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు ఒకటి, రెండు చిన్న కెపాసిటర్లుంటాయి. వాటిని వై కెపాసిటర్లంటారు. ఎర్త్ ఉన్నప్పుడు నాయిస్‌ను అటు పంపిస్తాయి. ఎర్త్ లేనప్పుడు రెండూ కలిసే చోట, అంటే పెట్టె రేకు మీద, 230లో సగం నిలుస్తుంది. 2.2 నానోఫారడ్ కెపాసిటర్ల గుండా మన చేతికి వచ్చేది 0.16 మిల్లీఆంపియర్ అటూఇటూ. దానితో ప్రాణానికి ముప్పు లేదు, కానీ ఆ వోల్టేజీ మీదుండగా టీవీకో ప్రొజెక్టర్‌కో హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చితే పోర్టులు పోతుంటాయి. అసలు ముప్పు ఇంకోటి. రేపు ఎప్పుడైనా ఫేజ్ నేరుగా రేకుకు తగిలితే దాన్ని పట్టుకుపోయే దారే లేదు.

ఎలక్ట్రీషియన్ అన్న వచ్చి మీటరు బోర్డు కింద చూశాడు. భూమిలోకి దిగే జీఐ (జింకు పూత ఇనుము) తీగ తుప్పు పట్టి తెగిపోయింది.

"సార్, గా న్యూట్రల్‌కెల్లి ఎర్త్ పిన్నుకు చిన్న లూప్ ఏస్తే అయిపోతది. మస్తు ఇండ్లల్ల గట్లనే ఉంటది."

"వద్దన్నా. కొత్త పైపు వేద్దాం, ఖర్చయినా ఫర్వాలేదు."

ఈ లూప్ గురించి గట్టిగా రాయాలి. సాకెట్ దగ్గర న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపేస్తే మల్టీమీటర్ అన్నీ సరిగ్గా ఉన్నట్టే చూపిస్తుంది, జిల్లు కూడా పోతుంది. కానీ ఎప్పుడైనా ఆ న్యూట్రల్ వైరు స్క్రూ దగ్గర వదులైనా, స్తంభం దగ్గర తెగినా, ఆన్‌లో ఉన్న బల్బు గుండానో ఫ్యాన్ గుండానో ఫేజ్ తిరిగి వచ్చి ఆ లూప్ మీదుగా కంప్యూటర్ పెట్టెకు, ఫ్రిజ్ తలుపుకు, వాషింగ్ మెషిన్ ఒంటికి 230 వోల్టులు ఎక్కిస్తుంది. ఫ్యూజు పోదు. ఎవరికీ తెలియదు. తడి చేత్తో తాకినవాళ్లకే తెలుస్తుంది. ఎర్త్ లేని ఇంటికంటే ఈ లూపున్న ఇల్లే ప్రమాదకరం. ఇది చదివి ఒక్కరైనా తమ ఇంట్లో ఆ లూప్ తీయించుకుంటే బాగుండునని నా కోరిక.

మార్చి, మొదటి వారం

పెరట్లో గుంత తీయించాం. రెండున్నర మీటర్ల జీఐ పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు, పైన నీళ్లు పోయడానికి గరాటు, సిమెంటు గూడు. హైదరాబాద్ నేల సంగతి తెలిసిందే, పైన కాస్త మట్టి, కింద రాయి. పలుగు ఒక చోట ఆగిపోతే గుంతను పక్కకి జరపాల్సి వచ్చింది.

ఎర్త్ టెస్టర్ ఉన్నాయన్ను పిలిపించి కొలిపిస్తే 14 ఓమ్‌లు. అన్న సంతోషించాడు కానీ ఆ అంకె ముందు కూర్చుని లెక్క వేస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఫేజ్ రేకుకు తగిలితే 14 ఓమ్‌ల గుండా భూమిలోకి పోయేది 16 ఆంపియర్లకు కాస్త పైన. మా సాకెట్ల మీదున్నది 16 ఆంపియర్ల ఎంసీబీ, కరెంటు హద్దు మించితే తనంతట దిగిపోయే స్విచ్. అంత కరెంటును అది గంటసేపైనా దిగకుండా మోస్తుంది. అంటే ఎర్త్ ఉంది, ఎంసీబీ ఉంది, అయినా పెట్టె మీద వోల్టేజీ అలాగే నిలబడి ఉంటుంది. రాతి నేలలో ఒక్క పైపుతో ఎర్తింగ్ చేసుకున్న ఇళ్లన్నిటికీ ఈ చిక్కుంది.

దీనికి మందు ఆర్‌సీసీబీ. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు మధ్య 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే అది దిగిపోతుంది. ఎర్త్ 14 ఓమ్‌లైనా, ఎండాకాలంలో 100కు పోయినా, 230ని 100తో భాగిస్తే 2.3 ఆంపియర్లు వస్తాయి, 30 మిల్లీఆంపియర్లకు అది ఎన్నో రెట్లు ఎక్కువ. అదే వారం బిగించాం. దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కితే ఠక్కున దిగింది.

ఇప్పుడు మా గది సాకెట్‌లో ఫేజ్-ఎర్త్ 230, న్యూట్రల్-ఎర్త్ 1.4.

పవర్ కార్డు కూడా కొలిచాను. మంచిదే. కొన్ని ఎస్‌ఎంపీఎస్ డబ్బాల్లో యూరప్ రకం గుండ్రటి ప్లగ్గున్న కార్డు వస్తుంది. అది మన సాకెట్‌లో దూరుతుంది కానీ దాని ఎర్త్ పట్టీలకు మన సాకెట్‌లో తగిలేదేమీ ఉండదు. అలాంటిది వస్తే మన మూడు పిన్నుల కార్డు విడిగా కొనుక్కోవాలి.

మార్చి, ఉగాది ముందు ఆదివారం

పెట్టె లోపలి పని మొదలు. రాణిగంజ్‌లో 2 మిల్లీమీటర్ల అల్యూమినియం షీటు కోయించాను, మదర్‌బోర్డు దీని మీదే ఉంటుంది. బోర్డు 244 మిల్లీమీటర్ల చదరం, చుట్టూ కాస్త వదులు వదిలాను. అనోడైజ్ చేసిన షీటు వద్దని చెప్పాను. ఆ పూత చూడ్డానికి బాగుంటుంది కానీ కరెంటును పోనివ్వదు. ఇత్తడి స్టాండాఫ్‌లు షీటులో మరలు తీసి బిగించాను. బోర్డు స్క్రూ కన్నాల చుట్టూ ఉండే వెండి రంగు వలయాలు గ్రౌండే, అవి స్టాండాఫ్‌కు, స్టాండాఫ్ షీటుకు తగులుతాయి.

గ్రాఫిక్స్ కార్డు బ్రాకెట్ కోసం తుక్కు కొట్టు నుంచి ఒక పాత రేకు క్యాబినెట్ తెచ్చి, దాని వెనకున్న స్లాటు ఫ్రేము కోయించాను. దాని పెయింట్‌ను స్క్రూలు పడే చోట గరుకు కాగితంతో గీకి, పళ్లున్న వాషర్లు వేశాను. బిగించేటప్పుడు ఆ పళ్లు లోహంలో దిగుతాయి. మామూలు వాషర్ కింద పెయింటో తుప్పో చేరితే పైకి బిగుతుగా కనిపిస్తూనే లోపల కలవకుండా ఉండిపోతుంది.

కలిపే సామాను కోఠి గుజరాతీ గల్లీలో దొరికింది. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల పచ్చ-పసుపు వైరు, వైరు చివర తొడిగే తగరం పూసిన రాగి రింగు లగ్గులు, కొంచెం రాగి అల్లిక పట్టీ. తగరం పూత ఎందుకంటే, ఉట్టి రాగి అల్యూమినియం మీద కూర్చుంటే వానాకాలం తేమలో అల్యూమినియం తినేసుకుపోతుంది. లగ్గులు సోల్డర్ చేయలేదు, పనిముట్టుతో నొక్కి క్రింప్ చేశాను.

ఎస్‌ఎంపీఎస్‌ను వెనక ఒక అల్యూమినియం పట్టీకి నాలుగు స్క్రూలతో బిగించాను. దాని ఒంటి పెయింట్ గీకలేదు, వారంటీ ఉంది. స్క్రూ మరలు, పళ్ల వాషరు చాలు. ఆ స్క్రూల్లో ఒకదాని కిందే మొదటి లగ్గు. అక్కడి నుంచి షీటుకు ఒక వైరు, స్లాటు ఫ్రేముకు ఒకటి, హార్డ్ డిస్క్ బిగించిన పట్టీకి ఒకటి. ఎస్‌ఎంపీఎస్ లోపల నల్ల వైర్ల గ్రౌండు, బయటి రేకు, పవర్ కార్డు ఎర్త్ మూడూ కలిసే ఉంటాయి కాబట్టి ఈ స్క్రూయే అన్నిటికీ కూడలి. మూత విప్పి లోపల కలపాలని మాత్రం ఎవరూ చూడొద్దు. లోపలి పెద్ద కెపాసిటర్‌లో దాదాపు 400 వోల్టులు ఉంటాయి, ప్లగ్గు తీశాక కూడా కాసేపు నిలుస్తాయి.

గ్రౌండ్ ఒకే చోట కలపాలి, లేకపోతే గ్రౌండ్ లూప్ (రెండు దారుల్లో గ్రౌండ్ కలిసి మోత పుట్టించే చుట్టు, న్యూట్రల్ లూప్ కాదు) ఏర్పడుతుందని ఒక మిత్రుడు హెచ్చరించాడు. ఆడియో పరికరాల మధ్య ఆ మాట నిజమే. ఒక పెట్టె లోపల మాత్రం రేకు క్యాబినెట్‌లన్నీ పది చోట్ల కలిపినవే. పొట్టిగా, గట్టిగా కలవడమే ఇక్కడ ముఖ్యం.

ఉగాది తర్వాత

ముందు ప్యానెల్ మీద ఎక్కువ సేపు కూర్చున్నాను, అందరూ వదిలేసే చోటు అదే. పవర్ స్విచ్ స్టెయిన్‌లెస్ స్టీలుది. చెక్క కన్నంలో నట్టుతో బిగుస్తుంది, దాని ఒంటికి ఏ వైరూ ఉండదు. యూఎస్‌బీ, హెడ్‌ఫోన్ జాక్‌ల లోహపు తొడుగులకు గ్రౌండు ఉంటుంది కానీ అది సన్నటి కేబుల్ గుండా బోర్డుకు వెళ్తుంది. నడుచుకుంటూ వచ్చి తాకిన వేలి నుంచి కొన్ని వేల వోల్టుల స్టాటిక్ ఆ సన్నదారినే బోర్డులోకి పోవడం నాకిష్టం లేదు. అందుకే ప్యానెల్ వెనక చిన్న అల్యూమినియం రేకు పెట్టి, స్విచ్ నట్టు, పోర్టుల బ్రాకెట్ రెండూ దానికే బిగించి, అక్కడి నుంచి షీటుకు రాగి అల్లిక పట్టీ వేశాను. స్టాటిక్ నానోసెకన్లలో దూకుతుంది. అంత వేగానికి పొడవాటి గుండ్రటి వైరు కంటే వెడల్పాటి పొట్టి పట్టీ తేలిగ్గా దారి ఇస్తుంది.

ప్లాస్టిక్ ఫ్యాన్లకు, బోర్డు మీదే గుచ్చుకునే ఎం.2 ఎస్‌ఎస్‌డీకి ఏమీ అక్కర్లేదు. ఈ మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్‌కు పాత ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లు పెట్టకూడదని కూడా ఇక్కడే రాసి పెడుతున్నాను. బోర్డు వైపు చివరలు ఒకేలా ఉన్నా, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీని బట్టి, ఒక్కోసారి మోడల్‌ను బట్టి మారుతుంది. 12 వోల్టులు 5 వోల్టుల చోటికి వెళ్తే డిస్క్ అక్కడికక్కడే పోతుంది.

ఏప్రిల్, మొదటి ఆదివారం

ప్లగ్గు గోడ నుంచి తీసి, దాని ఎర్త్ పిన్నుకు మీటరు ఒక చివర పెట్టి, రెండో చివరతో పెట్టె అంతా తిరిగాను. మీటరు వైర్లకే 0.3 ఓమ్ ఉంది. షీటు, స్టాండాఫ్ తల, కార్డు బ్రాకెట్, డిస్క్ ఒళ్లు, స్విచ్, యూఎస్‌బీ తొడుగు అన్నీ 0.4, 0.5 మధ్య చూపించాయి. ఎక్కడా దారి తెగలేదు.

ఆన్ చేశాను. 12 వోల్టుల లైను ఖాళీగా ఉన్నప్పుడు 12.08, కార్డు పూర్తి లోడు మీద ఉండగా 11.97. ఏటీఎక్స్‌లో చాలాకాలంగా వాడిన హద్దు 5 శాతం అటూఇటూ, అంటే 11.4 నుంచి 12.6 దాకా. 5 వోల్టుల లైను 5.02 దగ్గర కదల్లేదు. ఎస్‌ఎంపీఎస్‌ను ఒంటరిగా పచ్చ వైరు, నల్ల వైరు కలిపి ఆన్ చేసి కొలిచే పద్ధతి ఉంది కానీ అది బతికుందో లేదో మాత్రమే చెబుతుంది. లోడు మీద వోల్టేజీ ఎంత పడిందన్నదే అసలు పరీక్ష.

స్పీకర్లలో సన్నటి గుంయ్‌మనే మోత వచ్చింది. వాటి మూడు పిన్నుల ప్లగ్గు గదిలో ఇంకో గోడ బోర్డుకు ఉంది. మిత్రుడు చెప్పిన లూప్ ఇక్కడుంది. రెంటినీ ఒకే స్పైక్ బోర్డుకు మార్చగానే మోత పోయింది. స్పీకర్ ఎర్త్ పిన్ను విరగ్గొట్టినా ఆ మోత పోతుంది, కానీ ఆ పని ఎవరూ చెయ్యకూడదు.

రేడియో నాయిస్ ఇంకా మిగిలి ఉంది. ముందు యూఎస్‌బీ 3.0 పోర్టులో డిస్క్ గుచ్చి కాపీ పెడితే, పక్కనే రిసీవర్ ఉన్న వైర్‌లెస్ మౌస్ తడబడుతోంది. యూఎస్‌బీ 3.0 నాయిస్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పడుతుందని ఇంటెల్ 2012లోనే వివరంగా చెప్పింది. మీడియం వేవ్‌లో హైదరాబాద్ ఆకాశవాణి పెట్టిన చిన్న రేడియోను పెట్టె దగ్గరికి తెస్తే గరగర వస్తుంది, రేకు క్యాబినెట్ దగ్గర ఇంత రాదు. ప్రస్తుతానికి రిసీవర్‌ను ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరం పెట్టాను. తర్వాతి పని పక్క పలకల లోపలి వైపు సన్నటి రాగి జాలీ పరిచి, అంచుల్లో చాలా చోట్ల షీటుకు కలపడం. బోర్డు వెనక మాత్రం జాలీ వద్దు, ఊడిన ఒక్క తీగ చాలు షార్ట్ అవ్వడానికి.

మే నెలలో, నేల బాగా ఎండినప్పుడు, పైపు దగ్గర మళ్లీ ఎర్త్ టెస్టర్ పెట్టిస్తాను. 14 నుంచి 25 దాటితే రెండో పైపు దించాలి, మొదటి దానికి కనీసం పైపు పొడవంత దూరంలో. పెరట్లో దానికి చోటు ఇప్పుడే చూసి పెట్టుకున్నాను.